పచ్చళ్ళ వ్యాపారంలో డబ్బు ఎక్కడ జారిపోతుందంటే

పచ్చళ్ళ వ్యాపారం దెబ్బతినేది రుచి దగ్గర కాదు. చెయ్యి తిరిగినవాళ్ళే ఈ పనిలోకి దిగుతారు కాబట్టి సరుకు బాగానే ఉంటుంది, కొట్లలో పోతుంది కూడా. ఏడాది తిరిగేసరికి మాత్రం చేతిలో డబ్బు ఉండదు, మళ్ళీ మామిడికాయ సీజన్‌కి అప్పు వెతుక్కోవాలి. ఇదే పనిలో ఉంటూ చుట్టుపక్కల చిన్న యూనిట్ల లెక్కలు కూడా చూస్తుంటాను. నాకు కనబడే కారణం ఒకటే: తూకం వెయ్యని చోట, రేటు కట్టని చోట డబ్బు జారిపోతోంది. కాయ కొనడం దగ్గర్నుంచి కొట్టువాడి బాకీ వసూలయ్యేదాకా ఏ మెట్టు దగ్గర ఏం పోతుందో, దాన్ని ఎలా ఆపుకోవాలో రాస్తున్నాను. ఇందులో ధరలు లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ ఊరి రేట్లు పెట్టి మళ్ళీ కట్టుకోండి.

కిలో ఎంత పడింది?

ఈ ప్రశ్నకి చాలామంది చెప్పే జవాబు ముడిసరుకు ధర మాత్రమే. అది కూడా సగమే ఉంటుంది, ఎందుకంటే తరుగు తియ్యరు.

ఆవకాయనే తీసుకుందాం. 65 కిలోల కాయ కొంటే ముచ్చిక, జీడి, లోపలి పొర, మెత్తబడ్డవి, పుచ్చినవి పోగా టెంకతో ఉన్న మంచి ముక్క సుమారు 50 కిలోలు వస్తుందనుకోండి. కాయ కిలో 40 అయితే ఆ ముక్కకి పడింది 2,600. అంటే ముక్క కిలో 52 రూపాయలు, 40 కాదు. కాయ రకాన్ని బట్టి, కోసి ఎన్ని రోజులైందన్నదాన్ని బట్టి ఈ తరుగు చాలా మారుతుంది. లోడు దిగగానే ఒక బస్తా కాయని విడిగా తూచి, ముక్క కొట్టించి, మళ్ళీ తూచండి. గంట పని. ఆ లోడుకి అసలు ధర అదే చెబుతుంది. రెండు రూపాయలు తక్కువకి వచ్చిందని కొన్న కాయ తరుగులో నాలుగు రూపాయలు ఎక్కువ తినడం ప్రతి సీజన్‌లోనూ జరిగేదే.

ఇప్పుడు మిగతావి. కారం 10 కిలోలు, కిలో 300 చొప్పున 3,000. ఆవపిండి 8 కిలోలు, 140 చొప్పున 1,120. ఉప్పు 9 కిలోలు, 20 చొప్పున 180. నువ్వుల నూనె 22 కిలోలు, 330 చొప్పున 7,260. మెంతులు, పసుపు కలిపి కిలో, 240. ముక్కతో కలిపి మొత్తం 100 కిలోల పచ్చడి, 14,400 రూపాయలు.

ఇక్కడ 14,400ని 100తో భాగించి కిలో 144 అనేస్తారు. గంగాళానికి అంటుకున్నది, తిరగకలిపేటప్పుడు పోయింది, రుచికి పంచింది, శాంపిల్ ఇచ్చింది కలిపి నాలుగు కిలోలు పోతే అమ్మేది 96 కిలోలే. అప్పుడు కిలో 150. అరకిలో సీసాలో పచ్చడి 75 రూపాయలు.

దాని మీద సీసా, మూత, లోపలి సీలు 14. లేబులు 3. అట్టపెట్టెలో వాటా 5. అక్కడికి 97 అయింది. ముక్క కొట్టడం, తుడవడం, కలపడం, నింపడం, లేబుళ్ళు అంటించడం కలిపి ఈ 100 కిలోలకి ఆరు కూలి దినాలు, దినానికి 500 అనుకుంటే 3,000. అది 192 సీసాల మీద పంచితే సీసాకి సుమారు 16. ఇంట్లోవాళ్ళే చేశారు కాబట్టి కూలి లేదని వదిలేసేది ఇక్కడే. వదలకండి. రేపు ఆర్డరు రెట్టింపైతే ఇంట్లోవాళ్ళు రెట్టింపు అవ్వరు, మనిషిని పెట్టుకోవాలి. అప్పటికి ధర పెంచే వీలుండదు. గ్యాసు, కరెంటు, అద్దె, ఆటో, అప్పు మీద వడ్డీ కలిపి 12. పగిలినవి, కారినవి, కొట్టు నుంచి తిరిగొచ్చినవి సీసాకి 4 చొప్పున వేసుకోవాలి. మొత్తం 129.

అంటే 75 రూపాయల పచ్చడి గుమ్మం దాటేసరికి 129 అవుతోంది. ముడిసరుకుని చూసి ధర పెట్టినవాళ్ళు ఈ తేడానే జేబులోంచి కడుతున్నారు.

ఇంకో లెక్క చూడండి. 25 శాతం లాభం కావాలని 129 మీద 25 శాతం వేస్తే 161 వస్తుంది. అది పెట్టుబడి మీద 25 శాతం. కొట్టువాడు 25 శాతం మార్జిన్ అన్నప్పుడు అమ్మే ధర మీద అడుగుతున్నాడు. అమ్మకం మీద 25 శాతం మిగలాలంటే 129ని 0.75తో భాగించాలి, 172 వస్తుంది. ఒకే మాటని ఇద్దరూ రెండు రకాలుగా లెక్క కడుతుంటే నష్టపోయేది ఎప్పుడూ తయారుచేసేవాడే.

ఎమ్మార్పీ 200 పెట్టారనుకుందాం. కొట్టుకి 25 శాతం పోతే బిల్లు 150. అందులో 5 శాతం జీఎస్టీ 7.14 తీస్తే మీకు దక్కేది 142.86. ఖర్చు 129 పోతే సీసాకి 13.86 మిగులుతుంది. సరే, వ్యాపారం నడుస్తుంది. కానీ అమ్మకాలు పెంచాలని పదికి ఒకటి ఫ్రీ స్కీము పెడితే పది సీసాల డబ్బుకి పదకొండు ఇస్తున్నారు. సీసాకి 129.87 వస్తుంది, ఖర్చు 129. మిగిలేది 87 పైసలు. డిస్ట్రిబ్యూటర్‌కి కూడా వాటా ఇవ్వాల్సి వస్తే నష్టానికి అమ్ముతున్నట్టే. స్కీము ప్రకటించే ముందు ఈ భాగహారం ఒక్కసారి కాగితం మీద వెయ్యండి. వెయ్యకుండా స్కీములు పెట్టి, అమ్మకం రెట్టింపైనందుకు సంతోషించే యూనిట్లను చూస్తుంటే బాధేస్తుంది.

ముడిసరుకు ఖర్చులో నూనె ఒక్కటే దాదాపు సగం. కిలోకి 40 పెరిగితే 22 కిలోలకి 880, అరకిలో సీసాకి నాలుగున్నర రూపాయలకి పైగా. సీసా మీద లాభమే 13.86 అయినప్పుడు అది మూడో వంతు. కాబట్టి కారం, కాయ బేరం దగ్గర గంట కూర్చునేకంటే నూనె మిల్లుతో సీజన్ మొత్తానికి ముందే ధర మాట్లాడుకోవడం మేలు. ధర పెరిగిందని సగం పామాయిల్ కలిపేవాళ్ళున్నారు. లేబులు మీద నువ్వుల నూనె అని ఉండి లోపల వేరేది ఉంటే ఆహార భద్రతా చట్టం కింద తప్పు. అది అలా ఉంచినా, మన దగ్గర తినేవాళ్ళు ఆవకాయలో నూనె తేడాని మొదటి ముద్దలోనే పట్టేస్తారు. నూనె మార్చే బదులు ధర పెంచండి, లేదా 500 గ్రాముల సీసాకి తోడు 300 గ్రాములది తీసుకురండి.

సీసా నింపే చోట

మన వ్యాపారాల్లో మొగ్గు వెయ్యడం మర్యాద. చేత్తో తూచి అమ్మేటప్పుడు అది బాగుంటుంది. సీసాల్లో నింపేటప్పుడు 500కి బదులు 515 గ్రాములు పడుతుంటే 192 సీసాలకి దాదాపు 2.9 కిలోలు, బ్యాచికి 430 రూపాయలు. ఎవరూ గమనించరు, కొన్నవాళ్ళకి కూడా తెలియదు. తక్కువ పడితే మాత్రం తూనికలు కొలతల శాఖ కేసు రాస్తుంది. నింపే టేబులు దగ్గరే ఎలక్ట్రానిక్ కాటా పెట్టండి. ఖాళీ సీసా బరువుని సున్నా చేసి నింపండి. ఆ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించాలి. ప్రతి గంటకీ ఐదు సీసాలు తీసి మళ్ళీ తూచి పుస్తకంలో రాస్తే చెయ్యి ఎటు జారుతోందో తెలుస్తుంది.

నూనెకి కూడా కొలత ఉండాలి. నూనె పచ్చళ్ళకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణంలోనే సరుకు మీద కనీసం అర సెంటీమీటరు నూనె తేలాలని, లేదంటే పచ్చడిలో కనీసం 10 శాతం నూనె ఉండాలని ఉంది. గాలి తగలకుండా కాపాడేది పైన తేలే ఆ పొరే. సీసాలన్నీ నింపేశాక చివర్లో ఒకే మనిషి గరిటెతో కాకుండా కొలగిన్నెతో నూనె పొయ్యాలి. ఒక సీసాలో నూనె తేలి, పక్క సీసాలో ముక్క బయటపడి ఉంటే బూజు ఫిర్యాదు ఆ రెండోదాని నుంచే వస్తుంది.

చెడిపోయేది ఎందుకు

తిరిగొచ్చే సరుకు ఖర్చు మామూలుగా అందరూ అనుకునేదానికంటే ఎక్కువ. సీసా ధరే కాదు, రానూపోనూ ఆటో, కొట్టులో పోయిన చోటు, ఆ కొట్టువాడి నమ్మకం కూడా పోతాయి.

ఆవకాయని నిలబెట్టేవి కాయ పులుపు, ఉప్పు, నూనె. వాటిని చెడగొట్టేది తడి. కడిగిన కాయ పూర్తిగా ఆరకుండా ముక్క కొట్టడం, తుడిచే బట్ట రోజంతా ఒకటే వాడటం, వానపడ్డ రోజు ఆరుబయట కలపడం, కడిగిన సీసాలు బోర్లించి వెంటనే నింపడం, ఈ నాలుగింటి దగ్గరే ఎక్కువ బ్యాచులు పోతాయి. సీసాలు కడిగాక ఎండలోనో డ్రయ్యర్‌లోనో లోపలి మూల వరకూ ఆరాలి. అనుమానం ఉంటే సీసాలో టిష్యూ కాగితం తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఉప్పు కొలత పాత్రతో కొలిస్తే బ్యాచుకీ బ్యాచుకీ తేడా వస్తుంది. కల్లుప్పు, మెత్తనుప్పు ఒకే గిన్నెలో ఒకే బరువు తూగవు. ఇంట్లో గిద్దలు, సోలలు చాలు. వంద కిలోలు కలిపే చోట అన్నీ గ్రాముల్లో ఉండాలి. కలిపాక మూడో రోజు ఊట పైకి వస్తుంది, అప్పుడు తిరగకలిపి ఉప్పు సరిచూసి, ముక్క ఉప్పు పీల్చుకున్నాక సీసాల్లోకి ఎత్తాలి. ఆర్డరు తొందరలో మొదటిరోజే నింపితే ఊట సీసాలో ఊరి మూత కింద ఒత్తిడి పెరుగుతుంది, దారిలో కారుతుంది. కొరియర్‌లో కారిన పచ్చళ్ళలో చాలావాటికి కారణం ప్యాకింగు కాదు, ఈ తొందరే.

పోపు నూనె వేడి మీద పెట్ సీసాలో పోస్తే 70 డిగ్రీల దగ్గర్లో ప్లాస్టిక్ మెత్తబడి గొంతు వంగుతుంది, సీలు పట్టదు. పూర్తిగా చల్లారనివ్వాలి.

ప్రతి బ్యాచికీ నెంబరు ఉండాలి. ఆ నెంబరు కింద కాయ ఎక్కడిది, కారం ఏ మిల్లుది, నూనె ఏ టిన్ను, ఎవరు కలిపారు, ఏ తేదీ, ఏ కొట్లకి వెళ్ళింది అని ఒక పేజీ. ఫిర్యాదు వస్తే ఆ ఒక్క బ్యాచిని వెనక్కి తెచ్చుకుంటే సరిపోతుంది. నెంబరు లేకపోతే మొత్తం సరుకు మీద అనుమానం. ఇక '12 నెలలు నిల్వ' అని పక్కవాడి లేబులు చూసి రాయకండి. ఒక్కో రకాన్ని గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి రాయండి. ఆవకాయకి పనికొచ్చే గడువు టమాటాకి, గోంగూరకి పనికిరాదు. చికెన్, రొయ్యల పచ్చళ్ళైతే అసలు వేరే దారి. కాయలో ఉన్న పులుపు వాటిలో ఉండదు, నిల్వ తక్కువ, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సులో మాంసం, చేపల విభాగం విడిగా చేర్పించాలి.

సీజన్ డబ్బు

మామిడికాయ కొనుగోలంతా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల్లోపు అయిపోవాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా. పైన వేసిన బ్యాచిలాంటివి ఇరవై వేస్తే ముడిసరుకుకే 2,88,000, కూలి 60,000. ఇదంతా రెండు నెలల్లో బయటికి పోతుంది, పది నెలలు మెల్లగా తిరిగొస్తుంది. ఇది తెలిసీ ఇదే సమయంలో ఏడాదికి సరిపడా సీసాలు, లేబుళ్ళు కూడా కొనేస్తారు, ధర తగ్గుతుందని. సీసాకి రూపాయి తగ్గి ఉండొచ్చు, కానీ నాలుగు వేల సీసాల డబ్బు సామాను గదిలో పడుకుంటుంది. సీజన్‌లో డబ్బు కాయకి, నూనెకి, కారానికే పోవాలి. ఊరిన పచ్చడిని ఫుడ్ గ్రేడ్ డ్రమ్ముల్లో నూనె తేలేలా నిల్వచేసి, సీసాలు నెలనెలా తెచ్చుకుని నింపుకోవచ్చు. లేబుళ్ళ మీద ఎమ్మార్పీ, బ్యాచి నెంబరు, తేదీ ముద్రించకుండా ఖాళీ గడులు వదిలి, నింపేరోజు చిన్న కోడింగ్ మెషిన్‌తో కొట్టండి. ధర మారితే పాత లేబుళ్ళు పారెయ్యాల్సిన పని ఉండదు.

మిర్చి వేరే సమయంలో వస్తుంది. గుంటూరు యార్డుకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయ ఎక్కువగా దిగుతుంది. ఘాటుకి తేజ, మామూలు వాడకానికి 334, 341 రకాలు కలిపి మీ పాళ్ళు ఒకసారి నిర్ణయించుకుని ఏడాదంతా అదే వాడండి. కాయగా కొని, తొడిమ తీయించి, ఎండబెట్టి దగ్గరుండి పట్టిస్తే రంగు కల్తీ భయం ఉండదు. తొడిమ, తేమ తరుగు ఇక్కడ కూడా లెక్కలో వేసుకోవాలి.

సబ్సిడీ గురించి ఒక మాట. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టి 2025-26 దాకా పొడిగించిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. అది అప్పుతో ముడిపడిన సబ్సిడీ. ముందు చేతికిచ్చే డబ్బు కాదు, మీ వాటా కనీసం 10 శాతం పెట్టాలి, బ్యాంకు అప్పు మంజూరవ్వాలి. సబ్సిడీ మొత్తం అప్పు ఖాతాకి తోడుగా విడిగా ఉండి, యూనిట్ నడుస్తూ వాయిదాలు సక్రమంగా కడితే మూడేళ్ళ తర్వాత సర్దుబాటవుతుంది. దాన్ని నమ్ముకుని సీజన్ కాయకి అడ్వాన్సు ఇచ్చేసినవాళ్ళు చిక్కుల్లో పడతారు. మెషిన్ల కోసం ఈ పథకం, కాయ కోసం వర్కింగ్ క్యాపిటల్ అప్పు, అంటే రోజువారీ పెట్టుబడికి ఇచ్చే అప్పు. రెండూ వేరు, జనవరిలోనే రెండింటికీ అడగాలి.

కాగితాలు

ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నెంబరు, ప్యాకింగ్ చేసేవారిగా తూనికలు కొలతల శాఖ రిజిస్ట్రేషన్, లేబులు మీద తయారీదారు పూర్తి చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాముకి ధర, వినియోగదారుల ఫోను నెంబరు, శాకాహార గుర్తు. ఇవి చాలామంది చేసుకుంటున్నారు. తప్పు ఎక్కువ జరిగేది జీఎస్టీలో, అది కూడా ఒకే చోట.

సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్, తెలంగాణలో 20 లక్షలు దాటితే. ఆ లోపే ఉన్నాం కదా అని విజయవాడ నుంచి హైదరాబాద్ కొట్టుకి ఒక పెట్టె పంపుతారు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. మనకి హైదరాబాద్ బయటి ఊరని మనసుకి అనిపించదు కాబట్టి ఈ పొరపాటు మన రెండు రాష్ట్రాల్లో అందరికంటే ఎక్కువ.

జీఎస్టీలో చిన్న వ్యాపారులకి టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే వీలిచ్చే కాంపోజిషన్ పథకం కూడా అంతే. టర్నోవర్ కోటిన్నర లోపు తయారీదారులకి 1 శాతం పన్ను చాలా తేలిగ్గా కనిపిస్తుంది. అందులో ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, బిల్లులో పన్ను వసూలు చెయ్యకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ళ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సీసాల మీద, కొరియర్ మీద 18 శాతం ఉంది. పైన సీసాకి వేసిన 14 రూపాయలు పన్ను లేకుండా. కాంపోజిషన్‌లో ఉంటే ఇంకో రెండున్నర రూపాయలు ఖర్చులో కలపాలి. ఊళ్ళోనే, ఎదురుగా అమ్ముకునేవాళ్ళకి కాంపోజిషన్ మంచిది. బయటికి పంపాలనుకునేవాళ్ళు మొదటిరోజే మామూలు రిజిస్ట్రేషన్ తీసుకోవాలని నా అభిప్రాయం.

డబ్బు వచ్చే క్యూఆర్ కోడ్ ఇంటి ఖాతాది కాకూడదు. చీటీ డబ్బు, చుట్టాలు పంపింది, పచ్చడి డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పడితే టర్నోవర్ ఏదో రుజువు చెయ్యడం కష్టం. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమలని చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు వచ్చాయి. కరెంటు ఖాతా ఒకటి తెరిచి, మీ జీతం కింద నెలకి ఒకే తేదీన ఒకే మొత్తం ఇంటికి తీసుకోండి.

బ్రాండు పేరు లేబుళ్ళు కొట్టించకముందే ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతకాలి. పచ్చళ్ళు 29వ తరగతి, కారప్పొడులు, మసాలాలు 30వ తరగతి. రెండూ చేస్తే రెండిట్లో వెయ్యాలి. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రుసుము. 'ఆంధ్రా', 'అమ్మమ్మ', 'పల్లె' లాంటి మాటల మీద హక్కు దొరకడం కష్టం.

అరువు

అన్నిటికంటే ఎక్కువ యూనిట్లు మూతపడేది ఇక్కడ. మనవైపు కొట్లలో పచ్చళ్ళకి నడిచే పద్ధతి 'పోయినదానికే డబ్బు' లేదా 'కొత్త బిల్లుకి పాత బిల్లు'. ఒక కొట్టులో నెలకి 20 సీసాలు పోతాయనుకుందాం. రెండు నెలల అరువంటే అక్కడ 40 సీసాలు, 6,000 రూపాయలు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. వంద కొట్లయితే ఆరు లక్షలు. పైన వేసిన ఇరవై బ్యాచుల ముడిసరుకు, కూలి కలిపినదాని కంటే ఎక్కువ. అందుకే కొట్లు పెరిగేకొద్దీ కొందరికి డబ్బు ఇబ్బంది కూడా పెరుగుతుంది.

ఒక కొట్టు 3,000 ఎగ్గొడితే ఎంత నష్టం? ఇరవై సీసాల ఖర్చు 2,580, వాటి మీద కట్టేసిన జీఎస్టీ 143. కొట్టువాడు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా, నెలవారీ రిటర్ను వేసేవాళ్ళు తర్వాతి నెల 20వ తేదీకి ఆ పన్ను కట్టాల్సిందే. 2,723ని సీసా లాభం 13.86తో భాగించండి. దాదాపు 200 సీసాలు అమ్మితేగానీ ఆ ఇరవై పూడవు. ఈ అంకె తెలిశాక అరువు అడిగినవాడికి మొహమాటంతో తల ఊపడం తగ్గుతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. కొత్త కొట్టుకి మొదటి రెండు సరుకులూ నగదుకే, రకానికి ఆరు సీసాలకి మించకుండా. ఆరే పెడితే త్వరగా ఖాళీ అవుతాయి, కొట్టువాడే ఫోన్ చేస్తాడు. అడిగినవాడు డబ్బు సిద్ధంగా ఉంచుకుంటాడు. తర్వాత అరువు ఇచ్చినా పరిమితి రూపాయల్లో ఉండాలి, రోజుల్లో మాత్రమే కాదు. ప్రతి సోమవారం బాకీలని నాలుగు వరసల్లో రాయాలి: 30 రోజుల్లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90, 90 దాటినవి. మూడో వరసలోకి వచ్చిన కొట్టుకి సరుకు ఆపాలి. ఇక్కడే అందరూ తడబడతారు, సరుకు ఆపితే పాత డబ్బు కూడా రాదని. నేను చూసినంతలో సరుకు పంపుతూ ఉంటే బాకీ పెరుగుతుందేగానీ తరగదు. అడిగే తీరు మాత్రం మర్యాదగా ఉండాలి: 'బాబాయ్, పాత బిల్లు సగమైనా సర్దండి, ఈ వారమే పెట్టె దించుతాను' అంటే చాలామంది సర్దుతారు. పోని సీసాలని గడువుకి మూడు నెలల ముందే మీరే వెళ్ళి మార్చండి. వాపసుకి క్రెడిట్ నోటు రాస్తే ఆ పన్ను తగ్గించుకోవచ్చు.

పెద్ద సూపర్ మార్కెట్లకి, హోటళ్ళకి సరుకు ఇచ్చేవాళ్ళు ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోవాలి. దానికి రుసుము లేదు. ఆ నెంబరు ప్రతి బిల్లు మీదా ఉండాలి. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారులకి కొన్నవాళ్ళు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అంతకంటే బాగా పనిచేసేది ఇంకోటుంది: 2023-24 లెక్కల నుంచి, ఆ గడువు దాటి మార్చి 31కి కూడా చెల్లించని మొత్తాన్ని కొన్న సంస్థ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, పన్ను ఎక్కువ కట్టాలి. మార్చి మొదటి వారంలో మీ ఉద్యమ్ నెంబరు, బకాయి వివరాలతో వాళ్ళ అకౌంట్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. కొనుగోలు విభాగం నెలల తరబడి కదపని ఫైలుని అకౌంట్స్ వాళ్ళు కదుపుతారు.

చెక్కు చెల్లకపోతే తేదీలు ముఖ్యం. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు, అందుకున్నాక 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. 'వచ్చే వారం ఇస్తా' అనే మాటల మీద ఆ 30 రోజులు గడిపేస్తే దారి ఇరుకవుతుంది. గడువు తీరని చెక్కైతే మళ్ళీ వేసి చూడాలి, చెక్కుకి మూడు నెలలే ఆయుష్షు.

దూరం పంపేటప్పుడు

కొరియర్ వాళ్ళు బరువు, పెట్టె సైజు రెండిట్లో ఎక్కువ వచ్చినదానికి డబ్బు తీసుకుంటారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగించడం ఎక్కువమంది వాడే లెక్క. 25, 20, 15 పెట్టెలో రెండు అరకిలో సీసాలు పెడితే 1.5 కిలోలకి బిల్లు. అవే సీసాలు 20, 15, 15 పెట్టెలో పడితే లెక్క 0.9, అంటే అసలు బరువుకే కడతారు. సీసాలు కొనేముందే పెట్టె సైజు చూసుకోవాలి.

అమెరికాలో మనవాళ్ళకి అమ్మేవాళ్ళు 'బహుమతి' అని రాసి పంపడం మానాలి. ఇంట్లో చేసి స్వయంగా బంధువులకి పంపుకునేదానికి ఉన్న వెసులుబాటు అమ్మకానికి వర్తించదు. అమ్మకమైతే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర తయారీ స్థలం రిజిస్ట్రేషన్, అక్కడ ఒక ఏజెంటు, ప్రతి సరుకుకీ ముందస్తు నోటీసు కావాలి. ఆమ్లం కలిపి నిల్వచేసే రకాలకి తయారీ విధానం కూడా దాఖలు చెయ్యాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. ఆన్‌లైన్ ధర పట్టిక అంతకుముందుదైతే ఆ సుంకం కొన్నవాళ్ళ గుమ్మం దగ్గర గొడవవుతుంది.

వచ్చే సీజన్‌కి ఎంత కాయ కొనాలన్నది ఊహతో తేల్చకండి. ఫిబ్రవరిలో రకాల వారీగా గత పన్నెండు నెలల్లో కొట్లకి పంపింది కాదు, డబ్బు వచ్చిన సీసాలు లెక్కవెయ్యండి. వాపసులు తీసెయ్యండి. డ్రమ్ముల్లో మిగిలినది తూచి తగ్గించండి. వచ్చిన కిలోలని మీ తరుగుతో వెనక్కి కడితే కాయ ఎన్ని బస్తాలో తెలుస్తుంది. కొత్త కొట్ల కోసం పది శాతం కలుపుకోండి, అంతకు మించి వద్దు. అవసరమైతే సీజన్ చివర్లో ఇంకో లోడు దొరుకుతుంది.